మిడి కీబోర్డ్ వెలాసిటీ: మీ శాంపుల్ డప్పు డబ్బాలా మోగకూడదంటే ఏం చేయాలి?

"డప్పు నాదే బాబూ. మరి కొడతన్నదెవుడు?"

డొంకరాయిలో ఒక తాత నన్ను అడిగిన ప్రశ్న ఇది. డొంకరాయి తెలుసు కదా? తూర్పు కనుమల్లో, సీలేరు నది మీద డ్యామ్, 25 మెగావాట్ల పవర్ హౌస్ ఉన్న ఊరు. పండగకు ఫ్రెండ్ వాళ్లింటికి వెళ్లినప్పుడు బ్యాగ్‌లో ల్యాప్‌టాప్, 25 కీల చిన్న మిడి కీబోర్డ్ కూడా పట్టుకెళ్లాను. సాయంత్రం ఆ తాత డప్పు కొడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను. రాత్రికి అందులోంచి ఒక మంచి దెబ్బ కట్ చేసి శాంప్లర్‌లో వేశాను. పొద్దున్నే కీబోర్డ్ మీద అదే దరువు వాయించి ఆయనకు వినిపించాను.

సౌండ్ క్లియర్‌గానే ఉంది. తాళం కూడా తప్పలేదు. అయినా ఆయనకు అది డప్పు కొట్టినట్టు అనిపించలేదు. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఆయన చేతిలో ఎనిమిది దెబ్బలు పడితే ఎనిమిదీ ఎనిమిది రకాలు. ఒకటి గట్టిగా, రెండు తేలిగ్గా, ఒకటి అసలు తగిలీ తగలనట్టు. నా కీబోర్డ్‌లో మాత్రం ఎనిమిదీ ఒకటే దెబ్బ.

ఇది ఒక్క డప్పు సమస్యే కాదు. వేల రూపాయలు పెట్టి పియానో లైబ్రరీ కొన్నవాళ్లకు కూడా సౌండ్ "ప్లాస్టిక్‌లా" అనిపించేది ఎక్కువగా ఈ కారణంతోనే. దీని పేరు వెలాసిటీ. ఇది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సెట్ చేసుకోవాలి అనేది ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

వెలాసిటీ అంటే వాల్యూమ్ కాదు

మిడి కేబుల్‌లో సౌండ్ వెళ్లదు, సమాచారం మాత్రమే వెళ్తుంది. మీరు ఒక కీ నొక్కగానే కీబోర్డ్ మూడు నంబర్లు పంపిస్తుంది. మొదటిది "నోట్ మొదలైంది, ఫలానా ఛానల్‌లో" అని చెబుతుంది. రెండోది ఏ కీ అని చెబుతుంది (మిడిల్ సి అయితే 60). మూడోదే వెలాసిటీ, అంటే కీ ఎంత వేగంగా కిందికి వెళ్లింది అనేది. ఇది 1 నుంచి 127 వరకు ఉంటుంది. 0 వస్తే శాంప్లర్ దాన్ని "నోట్ ఆపు" అని అర్థం చేసుకుంటుంది.

1983లో వచ్చిన మిడి 1.0 స్టాండర్డ్ నుంచి ఇప్పటిదాకా ఇదే లెక్క. నలభై ఏళ్లు దాటినా మన పాటల్లో కీబోర్డ్ పార్టులు చాలావరకు ఈ 127 మెట్ల మీదే నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. కీబోర్డ్ కొలిచేది బలాన్ని కాదు, వేగాన్ని. మామూలు కీబోర్డ్‌లో ప్రతి కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. కీ దిగేటప్పుడు ముందు ఒకటి, తర్వాత రెండోది కలుస్తాయి. ఆ రెండింటి మధ్య పట్టిన టైమ్ తక్కువైతే వెలాసిటీ ఎక్కువ, టైమ్ ఎక్కువైతే వెలాసిటీ తక్కువ. గట్టిగా కొడితే కొన్ని మిల్లీ సెకన్లలోనే అయిపోతుంది. మెల్లగా నొక్కితే దానికి ఎన్నో రెట్లు పడుతుంది.

చిన్న కీబోర్డుల్లో కీ దిగే లోతే తక్కువ. అంటే కొలవడానికి దొరికే టైమ్ కూడా తక్కువ. అందుకే వేలు కొంచెం అటూ ఇటూ అయినా నంబర్ 60 నుంచి 100కి ఎగిరిపోతుంది. కొత్తవాళ్లు "నాకే వాయించడం రాదు" అనుకుంటారు. చాలాసార్లు తప్పు వేళ్లది కాదు, సెట్టింగ్‌ది.

శాంప్లర్ ఆ నంబర్‌తో ఏం చేస్తుంది?

శాంపుల్ చేసిన వాయిద్యంలో ఆ ఒక్క నంబర్ రెండు పనులు చేస్తుంది.

మొదటిది, లెవెల్ మార్చడం. ఉదాహరణకు చాలామంది వాడే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫార్మాట్‌లో డిఫాల్ట్‌గా సౌండ్ లెవెల్ వెలాసిటీ వర్గానికి తగ్గట్టు మారుతుంది. అంటే 127 దగ్గర ఫుల్ సౌండ్ అనుకుంటే 100 దగ్గర సుమారు 4 డెసిబెల్స్, 64 దగ్గర సుమారు 12 డెసిబెల్స్, 32 దగ్గర సుమారు 24 డెసిబెల్స్ తగ్గుతుంది.

రెండోది, అసలు ఏ రికార్డింగ్ ప్లే చేయాలో ఎంచుకోవడం. మంచి లైబ్రరీలో ఒకే నోటును మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా ఇలా చాలాసార్లు రికార్డ్ చేస్తారు. వీటినే వెలాసిటీ లేయర్లు అంటారు. ఫ్రీగా దొరికే సాలమాండర్ గ్రాండ్ పియానోనే తీసుకోండి. యమహా సీ5 పియానోను 16 వెలాసిటీ లేయర్లతో రికార్డ్ చేశారు. మీ కీబోర్డ్ ఎప్పుడూ 95 నుంచి 127 మధ్యలోనే నంబర్లు పంపిస్తే ఆ 16 లేయర్లలో పైనున్న నాలుగైదు మాత్రమే మోగుతాయి. మిగతావి హార్డ్ డిస్క్‌లో ఖాళీగా కూర్చుంటాయి.

డప్పుకు వద్దాం. తాత మెల్లగా కొట్టినప్పుడు సౌండ్ తగ్గడమే కాదు, సౌండ్ రంగే మారుతుంది. గట్టి దెబ్బలో పుల్ల తగిలిన "టక్" అనే అంచు, తోలు సాగిన మోత రెండూ ఉంటాయి. మెత్తటి దెబ్బలో ఆ అంచు ఉండదు, గుంభనంగా ఒక మోత మాత్రం వస్తుంది. గట్టి దెబ్బను వాల్యూమ్ తగ్గించి వినిపిస్తే అది మెత్తటి దెబ్బ అవ్వదు. దూరంగా ఎవరో గట్టిగా కొడుతున్నట్టు ఉంటుంది. తాత పట్టేసింది ఇదే. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క శాంపుల్, దాని వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ వాయించాను.

ముందు మీ కీబోర్డ్‌ను పరీక్షించండి

ఏ సెట్టింగ్ ముట్టుకోకముందే ఈ టెస్ట్ చేయండి. పది నిమిషాల పని.

1. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మిడి ట్రాక్ పెట్టి రికార్డ్ ఆన్ చేయండి. సౌండ్ ఆపేయండి. చెవి వింటుంటే వేలు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, టెస్ట్ పాడవుతుంది.

2. ఒకే కీని మీకు వీలైనంత మెల్లగా 20 సార్లు నొక్కండి. తర్వాత మామూలుగా 20 సార్లు. తర్వాత పాటలో నిజంగా కొట్టేంత గట్టిగా 20 సార్లు.

3. మిడి ఎడిటర్ తెరిచి కింద వెలాసిటీ గీతలు చూడండి. మూడు గుంపులకూ మూడు రేంజ్‌లు రాసుకోండి.

4. ఇదే టెస్ట్ ఒక నల్ల కీ మీద, కీబోర్డ్ రెండు చివర్ల కీల మీద కూడా చేయండి. ఒక కీ మాత్రం మిగతావాటికంటే ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంటే అది ఆ కీ లోపం. సాఫ్ట్‌వేర్ కర్వ్‌తో అది పోదు.

నా చిన్న కీబోర్డ్‌లో ఏం వచ్చిందో చెప్తాను. ఎంత మెల్లగా నొక్కినా 70 కంటే కిందికి రాలేదు. మామూలుగా నొక్కితే 98 చుట్టూ వచ్చింది. కొంచెం గట్టిగా కొడితే చాలు, నేరుగా 127. అంటే 127 మెట్లలో నాకు దొరుకుతున్నవి 70 నుంచి 127 వరకే. పైమెట్టు దగ్గరైతే అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు.

మీ టెస్టులో అన్నీ ఒకే నంబర్ వస్తే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మీ కీబోర్డ్‌కు టచ్ సెన్సిటివిటీ లేదు. యమహా పీఎస్‌ఆర్-ఎఫ్51 లాంటి ఎంట్రీ లెవెల్ మోడళ్లలో ఉండదు. రెండు, సెట్టింగ్ ఫిక్స్‌డ్‌లో ఉంది. ప్యాడ్‌లు ఉన్న కంట్రోలర్లలో అయితే "ఫుల్ లెవెల్" అనే బటన్ ఆన్ అయి ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఎలా కొట్టినా 127 వస్తుంది.

కర్వ్ అంటే ఏంటి, ఎక్కడ మార్చాలి?

వెలాసిటీ కర్వ్ అంటే "లోపలికి ఇంత వస్తే బయటికి ఇంత పంపు" అనే పట్టిక. నా కీబోర్డ్‌కు నేను పెట్టుకున్నది చాలా సింపుల్: 70 వస్తే 20గా మార్చు, 127 వస్తే 120గా మార్చు, మధ్యలోవి అదే దామాషాలో సర్దు. అప్పుడు 98 వస్తే బయటికి 69 వెళ్తుంది.

దీనివల్ల ఏం మారింది? నా డప్పుకు తర్వాత నాలుగు లేయర్లు పెట్టాను: 1–45, 46–80, 81–108, 109–127. కర్వ్ లేకుండా అయితే 70 కంటే కింద ఏమీ రాదు కాబట్టి అన్నిటికంటే మెత్తటి లేయర్ ఒక్కసారి కూడా మోగదు. మామూలు దెబ్బ మూడో లేయర్‌లో పడుతుంది. కర్వ్ పెట్టాక మామూలు దెబ్బ రెండో లేయర్‌కు దిగింది, మెత్తటి దెబ్బకు మొదటి లేయర్ దొరికింది. పై లేయర్ నిజంగా గట్టిగా కొట్టినప్పుడే వస్తోంది. ఒక్క సెట్టింగ్‌తో నాలుగు డప్పు దెబ్బలూ చేతికి అందాయి.

దీన్ని మార్చగలిగే చోట్లు మూడు ఉన్నాయి.

కీబోర్డ్‌లో: చాలా మోడళ్లలో మూడు నాలుగు రెడీమేడ్ కర్వ్‌లు ఉంటాయి. యమహా పోర్టబుల్ కీబోర్డుల్లో దీన్నే టచ్ రెస్పాన్స్ అంటారు: సాఫ్ట్, మీడియం, హార్డ్, ఫిక్స్‌డ్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సాఫ్ట్ అంటే సౌండ్ మెత్తగా వస్తుందని కాదు, మెత్తగా నొక్కినా గట్టి సౌండ్ వస్తుందని. మీ నంబర్లు ఎప్పుడూ పైనే ఉంటే మీకు కావాల్సింది హార్డ్. పేర్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి పేరు నమ్మకండి, పై టెస్ట్ మళ్లీ చేసి నంబర్ చూడండి.

సాఫ్ట్‌వేర్‌లో: ఏబుల్టన్ లైవ్‌లో "వెలాసిటీ" అనే మిడి ఎఫెక్ట్ ఉంది. అందులో డ్రైవ్, కంప్, అవుట్ హై, అవుట్ లో అన్నీ మీ చేతిలో ఉంటాయి. లాజిక్‌లో వెలాసిటీ ప్రాసెసర్ ఉంది. మిగతా సాఫ్ట్‌వేర్‌లలో కూడా ఏదో ఒక పేరుతో దొరుకుతుంది.

వాయిద్యం ప్లగిన్‌లో: చాలా పియానో ప్లగిన్లలో వెలాసిటీ కర్వ్ గీసుకునే బాక్స్ ఉంటుంది.

ఈ మూడింటిలో ఒక్క చోటే మార్చండి. కీబోర్డ్‌లో హార్డ్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో తగ్గించి, ప్లగిన్‌లో మళ్లీ వంచితే ఎక్కడ ఏం జరుగుతోందో మీకే అర్థం కాదు. నా సలహా: కీబోర్డ్‌లో మీ వేళ్లకు దగ్గరగా ఉన్న కర్వ్ ఎంచుకుని అలాగే వదిలేయండి. మిగతా సర్దుబాటు ఆ పాటకు, ఆ వాయిద్యానికి సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి.

రికార్డింగ్ టైమ్‌లో గుర్తుంచుకోవాల్సినవి

హెడ్‌ఫోన్ సౌండ్ సరిగ్గా పెట్టుకోండి. సౌండ్ తక్కువగా వినిపిస్తే తెలియకుండానే గట్టిగా బాదుతాం, ఎక్కువగా వినిపిస్తే భయపడుతూ నొక్కుతాం. ఒకసారి సెట్ చేశాక ఆ టేక్ అయ్యేవరకు నాబ్ ముట్టుకోకండి.

కీబోర్డ్‌ను ఒళ్లో పెట్టుకుని వాయించకండి. ఊగే చోట ఒకే వేలు ఒకే బలంతో పడదు. గట్టి బల్ల మీద పెట్టండి. బల్ల లేకపోతే నేల మీద పెట్టుకుని కూర్చోండి, అది ఇంకా మంచిది.

లేటెన్సీ తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 512 శాంపుల్స్ ఉంటే ఆ ఒక్క బఫర్‌కే సుమారు 11 మిల్లీ సెకన్లు పోతుంది, 128 పెడితే సుమారు 3 మాత్రమే. సౌండ్ ఆలస్యంగా వస్తుంటే వేళ్లు బిగుసుకుంటాయి, వెలాసిటీ అంతా ఒకే చోటికి చేరిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఈ పనికి వద్దే వద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. డ్రమ్స్, డప్పు లాంటివి రెండు వేళ్లకు రెండు కీలు పెట్టుకుని వాయించండి. ఒకే వేలితో వేగంగా కొడితే ప్రతి రెండో దెబ్బ నీరసంగా పడుతుంది.

రికార్డ్ అయ్యాక ఎడిటింగ్

మిడిలో ఉన్న అందమే ఇది. వాయించాక కూడా నంబర్లు మార్చుకోవచ్చు. అయితే ఒక వరస పాటించండి.

ముందు మొత్తం పార్ట్ రేంజ్ సర్దండి. అన్ని నోట్లూ సెలెక్ట్ చేసి స్కేల్ చేయండి. ఎఫ్‌ఎల్ స్టూడియో పియానో రోల్‌లో ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే స్కేల్ లెవెల్స్ వస్తుంది. రీపర్‌లో మిడి ఎడిటర్ కింద వెలాసిటీ లేన్‌లోనే లాగి మార్చవచ్చు.

తర్వాత దరువులో బరువు ఎక్కడ పడాలో అక్కడ పెంచండి. మొదటి దెబ్బ 110, మధ్యలో నింపుడు దెబ్బలు 40 నుంచి 60, తిప్పుడు ముందు దెబ్బ 90. ఇది ఉదాహరణే. మీ దరువును నోటితో ఒకసారి అనుకోండి. నోరు ఎక్కడ ఒత్తి పలుకుతుందో అక్కడే నంబర్ పెంచండి. ఇంతకంటే మంచి గైడ్ ఏ ప్లగిన్‌లోనూ లేదు.

చివర్లోనే రాండమ్. చాలామంది ముందే రాండమైజ్ కొట్టేసి "హ్యూమన్ ఫీల్ వచ్చింది" అనుకుంటారు. మనిషి వాయించేది రాండమ్‌గా కాదు. ఏది గట్టిగా పడాలో ఆయన చేతికి తెలుసు. దాని చుట్టూ వచ్చే చిన్న తేడానే రాండమ్. అందుకే ప్లస్ ఆర్ మైనస్ 5, మహా అయితే 8 చాలు. 20, 30 పెడితే దరువు తాగి నడిచినట్టుంటుంది.

లేయర్ అంచుల దగ్గర జాగ్రత్త. 80కి ఒక రికార్డింగ్, 81కి ఇంకో రికార్డింగ్ ఉంటే 79, 82 మధ్య తిరిగే దరువులో సౌండ్ అటూ ఇటూ గెంతుతుంది. అలాంటి నోట్లను పూర్తిగా ఒకవైపు జరపండి.

అన్ని వాయిద్యాలకూ ఒకటే సూత్రం కాదు

పియానో, గిటార్, వీణ, డ్రమ్స్, డప్పు: ఇవి ఒకసారి తగిలితే అంతే. దెబ్బ పడ్డాక సౌండ్ దానంతట అదే తగ్గిపోతుంది. వీటికి వెలాసిటీయే ప్రాణం.

వయొలిన్ సెక్షన్, వేణువు, కొమ్ము లాంటివి మోగుతున్నంతసేపూ వాయించేవాళ్ల చేతిలో, ఊపిరిలో ఉంటాయి. అరకు వైపు థింసా ఆటలో డప్పు, తుడుముతో పాటు జోడుకొమ్ములు కూడా ఉంటాయి. కొమ్ము ఊదేటప్పుడు సౌండ్ మెల్లగా మొదలై పెరుగుతుంది. కీ నొక్కిన క్షణంలో ఫిక్స్ అయిపోయే ఒక్క నంబర్‌తో ఆ పెరుగుదల రాదు. అందుకే ఇలాంటి లైబ్రరీల్లో లెవెల్‌ను మాడ్యులేషన్ వీల్ (సీసీ 1) లేదా ఎక్స్‌ప్రెషన్ (సీసీ 11)తో నడుపుతారు. వెలాసిటీ మొదటి ఊదుడు ఎంత పదునుగా ఉండాలో మాత్రమే చూస్తుంది. మీ స్ట్రింగ్స్ లైబ్రరీలో ఎంత గట్టిగా నొక్కినా తేడా రావడం లేదంటే అది చెడిపోలేదు, వీల్ తిప్పి చూడండి.

హార్మోనియం ఇంకో రకం. అసలు వాయిద్యంలోనే కీ ఎంత వేగంగా నొక్కినా తేడా ఉండదు, అంతా బెల్లోస్‌దే పని. దాని శాంపుల్‌కు వెలాసిటీ ఫిక్స్‌డ్ పెట్టి, సీసీ 11తో గాలి ఆడించండి.

సొంతంగా శాంపుల్ చేసేవాళ్లకు

మా డొంకరాయి ప్రయత్నంలో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. రెండోసారి తాత ఒప్పుకుని మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా అన్నీ కొట్టి ఇచ్చాడు. తీరా వింటే అన్నీ దాదాపు ఒకే సౌండ్! కారణం నా ఫోన్ వాయిస్ రికార్డర్. మాట స్పష్టంగా వినిపించడానికి అది మెత్తటి సౌండ్‌ను పెంచి, గట్టి సౌండ్‌ను తగ్గించేస్తుంది. దీన్నే ఆటో గెయిన్ అంటారు. ఫోన్ కాల్‌కు అది వరం, శాంప్లింగ్‌కు శాపం.

మూడోసారి నేర్చుకుని చేసింది ఇదీ:

ఆటో గెయిన్, నాయిస్ తగ్గించే ఆప్షన్లు ఆఫ్ చేయగలిగే రికార్డింగ్ యాప్ వాడండి. ఆండ్రాయిడ్ 7.0 నుంచి అన్‌ప్రాసెస్డ్ అనే ఆడియో సోర్స్ ఉంది. ఫోన్, యాప్ రెండూ సపోర్ట్ చేస్తే మైక్‌లోకి వచ్చింది వచ్చినట్టు రికార్డ్ అవుతుంది. కుదిరితే యూఎస్‌బీ మైక్ లేదా చిన్న హ్యాండ్ రికార్డర్ ఇంకా బెటర్.

అన్నిటికంటే గట్టి దెబ్బకు మీటర్ మైనస్ 6 దగ్గర ఆగేలా లెవెల్ పెట్టండి. ఆ తర్వాత అన్ని లేయర్లు అయ్యేవరకు లెవెల్‌నూ మైక్ దూరాన్నీ మార్చకండి. డప్పు చాలా గట్టి సౌండ్, కాబట్టి ఫోన్‌ను దగ్గర పెట్టకండి, రెండు మీటర్లు జరగండి.

డప్పుకు రెండు పుల్లలు: పొట్టిగా లావుగా ఉండే సిర్ర, పొడవుగా సన్నగా ఉండే సిటికెన పుల్ల. రెండింటి సౌండ్ వేరు. వేరువేరు కీలకు వేరువేరుగా శాంపుల్ చేయండి. ఒక్కోదానికి నాలుగు లేయర్లు, ఒక్కో లేయర్‌కు నాలుగు దెబ్బలు. అంటే మొత్తం 32 దెబ్బలు.

ఒక్కో లేయర్‌కు నాలుగు దెబ్బలు ఎందుకు? ఒకే రికార్డింగ్ వరసగా మోగితే మెషిన్ గన్‌లా ఉంటుంది. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి తిరిగేలా పెడితే ఆ సమస్య పోతుంది. దీన్ని రౌండ్ రాబిన్ అంటారు. ప్లోగ్ స్ఫోర్జాండో, డీసెంట్ శాంప్లర్ లాంటి ఫ్రీ శాంప్లర్లలో కూడా ఇది చేసుకోవచ్చు.

అన్నీ ఒకే కూర్చోవడంలో పూర్తి చేయండి. డప్పు తోలును మంట దగ్గర కాచి బిగిస్తారు. చల్లటి కొండ గాలికి కాసేపటికి అది వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. మొదటి లేయర్ కాచిన వెంటనే, నాలుగో లేయర్ గంట తర్వాత రికార్డ్ చేస్తే అవి రెండు వేరే డప్పుల్లా వినిపిస్తాయి. మధ్యలో మళ్లీ కాచమని అడగండి.

శాంపుల్స్‌ను ఒక్కొక్కటిగా నార్మలైజ్ చేయకండి. చేస్తే మెత్తటి దెబ్బకూ గట్టి దెబ్బకూ మధ్య ఉన్న సహజమైన తేడా పోతుంది. ఒకవేళ సహజ లెవెల్ అలాగే ఉంచితే శాంప్లర్‌లో వెలాసిటీ నుంచి వాల్యూమ్‌కు వెళ్లే శాతాన్ని 100 నుంచి 20, 30కి తగ్గించండి. ఎందుకంటే తేడా రికార్డింగ్‌లోనే ఉంది, శాంప్లర్ మళ్లీ తగ్గిస్తే మెత్తటి దెబ్బలు అసలు వినిపించవు.

చివరిగా, ఎవరి డప్పు రికార్డ్ చేస్తున్నారో వాళ్లకు దేనికి వాడతారో చెప్పి, అడిగి రికార్డ్ చేయండి. పాట నుంచి డబ్బులు వస్తే వాళ్ల వాటా వాళ్లకు ఇవ్వండి. 32 దెబ్బల వెనక ఆయన జీవితకాలం సాధన ఉంది.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్ చాలు

ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడి సపోర్ట్ సిస్టమ్‌లోనే ఉంది. క్లాస్ కంప్లయంట్ యూఎస్‌బీ కీబోర్డ్ అయితే ఓటీజీ అడాప్టర్‌తో పెట్టగానే ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్ లాంటి యాప్‌లలో పనిచేస్తుంది. కీబోర్డ్ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి ఛార్జింగ్ పోర్ట్ కూడా ఉన్న హబ్ తీసుకోండి.

కీబోర్డ్ లేకుండా స్క్రీన్ మీద వాయిస్తే? మామూలు టచ్ స్క్రీన్‌కు వేలు ఎంత వేగంగా దిగిందో తెలియదు. కొన్ని యాప్‌లు కీ మీద ఎక్కడ ముట్టుకున్నారో చూసి వెలాసిటీ ఇస్తాయి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో గ్యారేజ్‌బ్యాండ్ యాక్సిలరోమీటర్‌తో ఫోన్ ఎంత అదిరిందో చూసి అంచనా వేస్తుంది. ఐడియా రాసుకోవడానికి ఇవి బాగానే ఉంటాయి. ఫైనల్ టేక్‌కు మాత్రం కీబోర్డ్ వాడండి, లేదా వెలాసిటీలు చేత్తో ఎడిట్ చేసుకోండి.

కొనేముందు ఈ నాలుగూ చూడండి

ఒకటి, బాక్స్ మీద వెలాసిటీ సెన్సిటివ్ లేదా టచ్ రెస్పాన్స్ అని స్పష్టంగా ఉందా?

రెండు, కర్వ్ మార్చుకునే ఆప్షన్ ఉందా, ఎన్ని ఉన్నాయి?

మూడు, షాపులో అయితే మెల్లగా నొక్కి 30 కంటే కిందికి తీసుకురాగలుగుతున్నారా? ఫోన్‌లో ఒక మిడి మానిటర్ యాప్, ఓటీజీ అడాప్టర్ వెంట తీసుకెళ్తే అక్కడే చూడొచ్చు.

నాలుగు, తెల్ల కీలు, నల్ల కీలు ఒకే బలానికి దగ్గరగా నంబర్లు ఇస్తున్నాయా?

కీల సంఖ్య కంటే ఇవే ముఖ్యం. వెలాసిటీ సరిగ్గా లేని 61 కీల కంటే సరిగ్గా ఉన్న 25 కీలు ఎంతో మేలు.

మిడి 2.0 వస్తే ఇదంతా అక్కర్లేదా?

2020లో ప్రకటించిన మిడి 2.0లో వెలాసిటీ 16-బిట్. అంటే 127 బదులు 65 వేలకు పైగా మెట్లు. వినడానికి బాగుంది. కానీ నా కీబోర్డ్ 70 కిందికి దిగకపోవడానికి కారణం మెట్లు తక్కువై కాదు. సెన్సర్, కర్వ్, వేళ్లు, లేయర్లు: ఈ నాలుగూ సరిగ్గా లేకపోతే 65 వేల మెట్లలోనూ పై పది మెట్ల మీదే నిలబడతాం. ఇప్పుడున్న 127 మెట్లనే పూర్తిగా వాడుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు.

మూడోసారి రికార్డ్ చేసిన శాంపుల్స్‌తో, కర్వ్ సర్దుకుని, అదే దరువు మళ్లీ వాయించి తాతకు వినిపించాను. ఈసారి ఆయన చేయి మోకాలి మీద దానంతట అదే ఆడింది. పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి ఇస్తూ ఒక్క మాట అన్నాడు.

"ఇప్పుడు మనిషే కొడతన్నాడు. కాకపోతే కొత్తోడు, ఇంకా నేర్చుకోవాల."

ఆ రివ్యూకు నేను ఐదుకు నాలుగు స్టార్లు ఇచ్చుకున్నాను. ఈ రాత్రికే మీ కీబోర్డ్‌కు ఆ 20 దెబ్బల టెస్ట్ చేసి చూడండి. మీ శాంపుల్ లైబ్రరీలో మీరు ఇప్పటిదాకా వినని సౌండ్లు ఎన్ని దాక్కున్నాయో తెలుస్తుంది.